గొడుగు మేలా, ఫోను మేలా?

2025 మే 7న విశాఖలో సైరన్లు మోగాయి. మాక్ డ్రిల్ అని ముందే చెప్పారు కాబట్టి ఎవరూ పరుగెత్తలేదు. మా వీధిలో సగం మంది బాల్కనీల్లోకి వచ్చి ఫోన్లలో వీడియో తీసుకున్నారు. కానీ ఆ రోజు తెల్లవారుజామునే ఆపరేషన్ సిందూర్ మొదలైంది. పహల్గాంలో చనిపోయిన వాళ్లలో మన ఊరి మనిషి కూడా ఉన్నాడు. అందుకే నవ్వుతూ వీడియో తీసినవాళ్లకి కూడా లోపల టెన్షన్ లేకపోలేదు.

మా బీచ్‌రోడ్డు వాకింగ్ బ్యాచ్‌లో అప్పుడు మొదలైన తగువు ఇంకా తెగలేదు. ఒక పక్క డాక్‌యార్డులో పనిచేసి రిటైరైన మావయ్య. ఇంకో పక్క జీవితమంతా యూనియన్ జెండా మోసిన బాబాయి. తగువు ఇది: అణుబాంబు ఉన్న దేశం మన మీద పగబట్టి కూర్చుంటే, దాన్ని ఆపేది పెద్ద దేశాలతో కట్టిన కూటమా (గొడుగు), దానితోనే కూర్చుని మాట్లాడే దౌత్యమా (ఫోను)? “పక్కన పెద్దోడు నిలబడితే మన మీద ఎవడూ చెయ్యెత్తడు” అని మావయ్య. “ఆ పెద్దోడు నిలబడేది వాడి పని ఉన్నంతసేపే కదేటి” అని బాబాయి.

ఇద్దరికీ సాక్ష్యం ఆ రోడ్డు మీదే దొరుకుతుంది. ఇసుకలో నిలబెట్టిన కుర్సురా సోవియట్ స్నేహం వల్ల వచ్చిన సబ్‌మెరైన్. దానికెదురుగా, రేవు బయట నీళ్ల అడుగున పడి ఉన్న ఘాజీ అమెరికా స్నేహం వల్ల పాకిస్తాన్‌కి వచ్చిన సబ్‌మెరైన్. దాని అసలు పేరు డయాబ్లో. పాకిస్తాన్ 1954లో సియాటో కూటమిలో, 1955లో బాగ్దాద్ ఒప్పందంలో చేరి అమెరికా శిబిరంలో కుదురుకుంది. ఘాజీని 1964లో అద్దెకు తెచ్చుకుంది. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో అది మన గుమ్మం ముందే మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకా, లోపల జరిగిన పేలుడుకా అన్న వాదన ఇప్పటికీ ఉంది. మావయ్య ముందు మాత్రం రెండో మాట ఎత్తకూడదు. ఘాజీ వెతుక్కుంటూ వచ్చిన మన విమానవాహక నౌక విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది.

రెండు కూటముల్లో ఉన్న పాకిస్తాన్‌కి ఆ డిసెంబర్‌లో దక్కింది ఏమిటి? అమెరికా ఏడో నౌకాదళం నుంచి ఎంటర్‌ప్రైజ్ అనే విమానవాహక నౌక బంగాళాఖాతంలోకి వచ్చింది. అది వచ్చేసరికి ఢాకా కథ చివరికొచ్చేసింది. 16న పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది.

ఇక్కడ మనం తరచుగా మర్చిపోయే సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో మన ముందున్నది అణ్వాయుధాలున్న అమెరికా. ఉత్తరాన 1964లోనే బాంబు పేల్చిన చైనా. మన దగ్గర ఏమీ లేదు. మన మొదటి పరీక్ష 1974లో. అంటే బాంబు లేని దేశం, బాంబున్న దేశం బెదిరింపును ఎలా తట్టుకోవాలన్న ప్రశ్నకి మనమే ఒక ఉదాహరణ. అప్పుడు మన చేతిలో ఉన్నది 1971 ఆగస్టు 9న ఢిల్లీలో విదేశాంగ మంత్రులు స్వరణ్ సింగ్, గ్రోమికో సంతకాలు పెట్టిన భారత్-సోవియట్ ఒప్పందం. అందులో తొమ్మిదో అధికరణం చదవండి. ఎవరి మీదైనా దాడి జరిగితే, లేదా దాడి ముప్పు వస్తే, వెంటనే సంప్రదించుకుందాం అని ఉంటుంది. మీ తరఫున యుద్ధం చేస్తాం అన్న మాట ఎక్కడా లేదు. అయినా భద్రతా మండలిలో సోవియట్ వీటో మనల్ని మూడుసార్లు కాపాడింది. వాళ్ల నౌకలు ఎంటర్‌ప్రైజ్ వెనకాలే తిరిగాయి. చైనా హిమాలయాల్లో కదల్లేదు. దానికి డిసెంబర్ మంచు కూడా కొంత కారణమేలెండి, ఘనతంతా కాగితానికే ఇవ్వక్కర్లేదు.

కాబట్టి గట్టి మాటలు రాసుకున్న కూటమి ఓడింది, మెత్తటి మాటలు రాసుకున్న స్నేహం గెలిచింది. తేడా రాతలో లేదు. ఆ సమయానికి సోవియట్‌కి మన గెలుపుతో పని ఉంది. అమెరికాకి పాకిస్తాన్ గెలుపు కోసం యుద్ధంలోకి దిగేంత పని లేదు. ఇది బాబాయి మాటే. కానీ ఉదాహరణ మాత్రం మావయ్యకి పనికొస్తుంది!

పని లేనప్పుడు గొడుగు దొరకదని మనకి అంతకుముందే తెలుసు. చైనా బాంబు పేల్చాక మన ప్రభుత్వం అణు దేశాల హామీ కోసం చాలా చోట్ల తిరిగింది. 1967లో ప్రధాని కార్యదర్శి ఎల్.కె. ఝా మాస్కో, వాషింగ్టన్, లండన్ వెళ్లి అడిగొచ్చారు. ఎవరూ గట్టిగా తల ఊపలేదు. 1968లో భద్రతా మండలి 255వ తీర్మానం చేసింది. బాంబు లేని దేశం మీద అణు దాడి జరిగితే మండలి వెంటనే స్పందించాలన్నది దాని సారాంశం. స్పందించాల్సిన ఆ మండలిలోనే వీటోలు ఉన్నాయి. అదే ఏడాది అణువ్యాప్తి నిరోధక ఒప్పందం మీద మనం సంతకం పెట్టలేదు.

అయితే గొడుగు ఎక్కడా పనిచేయదని అనడం తప్పు. దక్షిణ కొరియాను చూడండి. 1953 అక్టోబర్ 1న అమెరికాతో రక్షణ ఒప్పందం చేసుకుంది. ఇప్పటికీ దాదాపు 28,500 మంది అమెరికా సైనికులు అక్కడే ఉంటారు. ఉత్తర కొరియా 2006 నుంచి 2017 దాకా ఆరుసార్లు అణు పరీక్షలు చేసింది, తిట్టింది, క్షిపణులు వదిలింది. కానీ యుద్ధానికి దిగలేదు. కాగితంతో పాటు మనుషులు కూడా ఉండటమే దాని బలం. సియోల్ మీద బాంబు పడితే అమెరికా వాళ్లూ పోతారు. అప్పుడిక వాషింగ్టన్‌కి పక్కకి తప్పుకునే దారి ఉండదు.

మనుషులు లేకుండా కాగితం ఒక్కటే ఉంటే ఏమవుతుందో ఉక్రెయిన్‌ని అడగాలి. 1994 డిసెంబర్‌లో బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ ఉక్రెయిన్ భద్రతకి హామీ ఇస్తూ సంతకాలు పెట్టాయి. సోవియట్ కాలం నుంచి తన నేల మీద మిగిలిన దాదాపు 1,900 వ్యూహాత్మక అణు వార్‌హెడ్లను ఉక్రెయిన్ రష్యాకి అప్పగించింది. 2014లో క్రిమియా పోయింది. 2022లో పెద్ద యుద్ధమే వచ్చిపడింది. అది చూసిన ఫిన్లాండ్ దశాబ్దాల తటస్థత వదిలేసి 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరింది. మరుసటి ఏడాది స్వీడన్ చేరింది. ఈ వరుస చెప్పేటప్పుడు మావయ్య గొంతు కొంచెం పెరుగుతుంది.

కానీ గొడుగు కింద ఉన్నవాడికి నిద్ర పడుతుందా? శత్రువు క్షిపణి అమెరికా నగరాల దాకా వచ్చే రోజు, పారిస్ కోసం న్యూయార్క్‌ని పణంగా పెడతారా అని ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌కి అనుమానం వచ్చింది. 1960లో ఫ్రాన్స్ సొంత బాంబు పేల్చింది. ఇప్పుడు అదే అనుమానం సియోల్‌కి. 2023 ఏప్రిల్‌లో అమెరికా వాషింగ్టన్ ప్రకటన చేసి, అణు సంప్రదింపుల బృందం పెట్టి, జూలైలో క్షిపణులున్న సబ్‌మెరైన్‌ని బుసాన్ రేవుకి తెచ్చి చూపించాల్సి వచ్చింది. డెబ్బై ఏళ్ల కాపురం తర్వాత కూడా, ఉన్నాను ఉన్నాను అని మాటిమాటికీ చెప్పుకోవాల్సిన బంధం అది.

ఇక బాబాయి వైపు. ఆయన ఆయుధం చాలా చప్పగా ఉంటుంది: ప్రతి జనవరి 1న పేపర్లో ఒక మూల వచ్చే చిన్న వార్త. భారత్, పాకిస్తాన్ ఆ రోజు తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఒకరి అణు కేంద్రాల మీద ఇంకొకరు దాడి చేయకూడదన్న ఒప్పందం 1988 డిసెంబర్ 31న జరిగింది, 1991లో అమల్లోకి వచ్చింది. 1992 నుంచి ఏటా జాబితాలు చేతులు మారుతున్నాయి. కార్గిల్ జరిగినా, పార్లమెంటు మీద దాడి జరిగినా, ముంబై జరిగినా ఆగలేదు. 2005లో ఇంకో ఒప్పందం వచ్చింది: బాలిస్టిక్ క్షిపణి పరీక్షించే ముందు అవతలివాడికి చెప్పాలి. మన జాలరిపేటలో వేటకెళ్లేవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నేవీ వాళ్లు ఫైరింగ్ ఉందంటే పడవలు ఆ వైపు పోవు. ముందే తెలిసిన పేలుడుకి ఎవరూ కంగారుపడరు. అణు దేశాల మధ్య సగం ప్రమాదం ఆ కంగారులోనే ఉంది.

తర్వాత ఫోన్. 2025 మే 10 మధ్యాహ్నం 3:35కి పాకిస్తాన్ డీజీఎంఓ (సైనిక కార్యకలాపాలు చూసే అధికారి) మన డీజీఎంఓకి ఫోన్ చేశాడు. సాయంత్రం 5 నుంచి కాల్పులు ఆపాలని ఇద్దరూ అనుకున్నారు. దీని వెనక ఎవరి ఒత్తిడి ఎంత అన్నదాని మీద ట్రంప్ ఒకటంటాడు, ఢిల్లీ ఇంకొకటంటుంది. ఎవరి మాట నిజమైనా, చివరికి మోగిన ఫోన్ ఆ ఇద్దరిదే.

దౌత్యానికి ఉన్న జబ్బు కూడా చెప్పాలి. 1999 ఫిబ్రవరి 21న లాహోర్ ప్రకటన మీద సంతకాలయ్యాయి. అప్పటికే కార్గిల్ శిఖరాల మీదకి ఎక్కే పని నడుస్తోంది. వాజ్‌పేయి చెయ్యి కలిపిన నవాజ్ షరీఫ్ చేతిలో సైన్యం లేదు. ఎవరితో మాట్లాడుతున్నామో, ఆ మాట ఎవరి దగ్గర చెల్లుతుందో చూసుకోకపోతే చర్చలు మొరటోడికి మొగలిపువ్వు ఇచ్చినట్టే.

అలాగని మాటలు వృథా అనుకుంటే కొరియా లెక్క ఎదురొస్తుంది. 1994లో అమెరికా, ఉత్తర కొరియా మధ్య ఒప్పందం కుదిరింది. యాంగ్‌బ్యాన్ రియాక్టర్ 2002 చివరిదాకా, ఎనిమిదేళ్లు మూతపడి ఉంది. ఆ ఏళ్లలో అక్కడ బాంబుకి కొత్త ప్లుటోనియం తయారుకాలేదు. యురేనియం వైపు దొంగదారి తొక్కారని అమెరికా అంది, ఒప్పందం విరిగింది, తనిఖీ అధికారుల్ని వెళ్లగొట్టారు. 2006లో మొదటి బాంబు పేలింది. లోపాలున్న ఒప్పందం ఆ ఎనిమిదేళ్లు ఇచ్చింది. దాన్ని తెంచాక దక్కినది ఆరు పేలుళ్లు. మావయ్య దీనికి ఇంతవరకు సరైన జవాబు చెప్పలేదు. “దొంగతో ఒప్పందమేటి” అంటాడు, అంతే.

అన్నిటికంటే నాకు నచ్చే ఉదాహరణ 1962 క్యూబా. అక్కడ గొడుగూ ఫోనూ ఒకదాన్నొకటి మింగబోయాయి. సోవియట్ క్షిపణులు క్యూబా నుంచి పోవాలంటే, టర్కీలో ఉన్న అమెరికా జూపిటర్ క్షిపణుల్ని తీసేస్తామని కెనెడీ రహస్యంగా మాట ఇచ్చాడు. ఆ బేరం సంగతి టర్కీకి చెప్పలేదు. క్యూబా నేత క్యాస్ట్రోకి కూడా చెప్పకుండానే సోవియట్ నేత క్రుశ్చేవ్ దిగివచ్చాడు. పెద్దవాళ్లు రాజీకొచ్చేటప్పుడు గొడుగు కిందున్న చిన్నవాళ్లని అడగరు. మరుసటి ఏడాది మాస్కో, వాషింగ్టన్ మధ్య హాట్‌లైన్ వేసుకున్నారు.

మన దగ్గరికొస్తే, ఇద్దరు పొరుగువాళ్లకి ఒకే మందు వేయడం నాకు నచ్చదు. పాకిస్తాన్ విషయంలో కూటమి వల్ల ఉపయోగం చాలా తక్కువ. అమెరికాకి అక్కడా పని ఉంటుంది, చైనా ఎలాగూ అటే. మన తరఫున ఇస్లామాబాద్‌ని అణు బెదిరింపుతో ఆపే దేశం ఏదీ లేదు, ఉండబోదు. అక్కడ జాబితాలు, నోటీసులు, హాట్‌లైన్లే మేలు. బస్సు యాత్రలు, కౌగిలింతలు లేకపోయినా పర్వాలేదు, ఈ చప్పటి పనులు ఆగకూడదు.

చైనాతో లెక్క వేరు. 2020 గాల్వన్ తర్వాత కోర్ కమాండర్ల చర్చలు 20కి పైగా విడతలు నడిచాయి. గస్తీ మీద అవగాహన 2024 అక్టోబర్‌కి గానీ కుదరలేదు. అంత ఓపికగా మాట్లాడటానికి చైనాకి వేరే దిక్కుల్లోనూ ఆలోచించాల్సిన అవసరం ఉండాలి. ఆ అవసరాన్ని కల్పించేది మన సముద్రం. 2020 నవంబర్‌లో విశాఖ తీరంలోనే మలబార్ నౌకా విన్యాసాలు మొదటి విడత జరిగాయి. అమెరికా, జపాన్‌తో పాటు ఆస్ట్రేలియా కూడా తిరిగొచ్చింది. లద్దాఖ్ కొండల మీద మన కోసం వాళ్లెవరూ పోరాడరు, ఆ భ్రమ పెట్టుకోకూడదు. కానీ మన సముద్రం మీదుగా మలక్కా జలసంధి దాటి అటు వెళ్లే తన చమురు నౌకల గురించి బీజింగ్ ఆలోచించాలంటే ఈ స్నేహాలు కావాలి. సంతకాల కూటమి అక్కర్లేదు, 1971 లాంటి వదులు ముడి చాలు.

ముడి బిగిస్తే ఖరీదు ఉంటుంది. 2007 సెప్టెంబర్‌లో ఇదే బంగాళాఖాతంలో ఐదు దేశాల నౌకలు విన్యాసాలు చేస్తుంటే, వామపక్షాలు కోల్‌కతా నుంచి ఒకటి, చెన్నై నుంచి ఒకటి జాతాలు నడిపి విశాఖలో కలిపాయి. బాబాయి ఆ సభలో కుర్చీలు మోశాడు. ఆ రోజు ఆయన అరిచిన నినాదాలన్నిటితో నేను ఏకీభవించను. అయితే ఎవరి యుద్ధంలోకి మనల్ని లాగుతున్నారని అడగడం తప్పు కాదు.

వీటన్నిటి కింద ఇంకోటి ఉంది, దాని గురించి ఈ ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎక్కువ మాట్లాడరు. 2009 జూలై 26న ఇక్కడే నీళ్లలోకి దింపిన అణు సబ్‌మెరైన్ అరిహంత్. మొదట మేం ప్రయోగించం, మా మీద వేస్తే మాత్రం వదలం అని మన అణు విధానం అంటుంది. ఆ రెండో సగం నమ్మదగినదిగా ఉండాలంటే నీళ్లలో దాక్కునే సబ్‌మెరైన్ ఉండాలి. 2018లో అది మొదటి నిరోధక గస్తీ పూర్తి చేసింది, 2024 ఆగస్టులో అదే రకం అరిఘాత్ వచ్చి చేరింది. సొంత గొడుగు ఉన్నవాడికే అరువు గొడుగు వద్దనే వీలుంటుంది. దీన్ని కట్టడంలో రష్యా సాయం ఉందని దింపిన రోజే మన్మోహన్ సింగ్ కృతజ్ఞతలు చెప్పారు. అంటే సొంత గొడుగు కుట్టడానికి కూడా స్నేహితుడి సూది కావాల్సి వచ్చింది.

నా తీర్పు ఇద్దరికీ నచ్చలేదు. మొన్న కుర్సురా ఎదురుగా టీ తాగుతుంటే మావయ్య మళ్లీ ఎత్తుకున్నాడు. “2023 ఏప్రిల్ నుంచి ఉత్తర కొరియా వాడు దక్షిణం వాళ్ల ఫోన్ ఎత్తడమే మానేశాడు కదా. నీ జాబితాలు, నోటీసులు అక్కడ ఏం చేస్తాయి?”

“మళ్లీ చేస్తారు” అన్నాడు బాబాయి.

“ఎత్తేదాకా?”

“ఎత్తేదాకా గొడుగు వేసుకుని చేసుకోమను. నేను వద్దన్నానా ఏటి?”

మావయ్య టీ గ్లాసు కింద పెట్టి, ఇన్నాళ్లకి ఒప్పుకున్నావని నా వైపు చూశాడు. ఒప్పుకున్నదెవరో తేల్చకుండా నేను డబ్బులిచ్చేశాను.