ట్యూనీషియన్ రంగుల దుప్పటి: ఒకే ముక్కా, పట్టీల అతుకా?

ట్యూనీషియన్ అల్లిక అంటే పొడవాటి హుక్కుతో అల్లే ఒక రకం క్రోషే. అందులో వెళ్లేటప్పుడు వరసలోని కుట్లన్నీ హుక్కు మీదే ఉంటాయి, తిరిగొచ్చేటప్పుడు దిగుతాయి. చిక్కంతా అక్కడే.

ఖర్చు: 10 సెంటీమీటర్లకు 16 కుట్లు పడితే మీటరు వెడల్పుకు 160. ఒకే ముక్కకు తీగ ఉన్న పొడవాటి హుక్కు కొనక తప్పదు. 20 సెంటీమీటర్ల పట్టీకి 32 కుట్లే, మామూలు పొడవు హుక్కు చాలు.

శ్రమ: ఒకే ముక్కకు కుట్టుపని లేదు. మీటరు వెడల్పుకు ఐదు పట్టీలు, వాటికి నాలుగు అతుకులు. ఒక పట్టీలో రెండు వరసలు ఎక్కువైనా అంచు లాగేసి దుప్పటి వంకర పోతుంది. వరసలు రాసి పెట్టుకోండి.

రంగులు: ఒకే ముక్కలో అడ్డచారలు తేలిక. పట్టీల్లో గళ్లు కూడా వస్తాయి. ఎందులోనైనా తిరుగు వరస చివర హుక్కు మీద రెండు కుట్లు మిగిలినప్పుడే కొత్త ఊలు లాగాలి. ఆలస్యమైతే తర్వాతి వరస మొదటి కుట్టు పాత రంగులోనే మిగిలి, అంచున మచ్చలా కనిపిస్తుంది.

ముడుచుకోవడం: రెండింటికీ ఉంది. మామూలు క్రోషేకంటే 1–2 మిల్లీమీటర్లు లావు హుక్కు వాడండి. తొలి వరస కుట్లను మొదట వేసుకున్న గొలుసు వెనక గుబ్బల్లోంచి తీయండి.

బెజవాడ ఎండల్లో మే నెలలో అల్లేవారికి పట్టీలే మేలు. ఒళ్లో మీటరు వెడల్పు ఊలు దుప్పటి భరించలేం, చెమట చేతికి ఊలు జారదు కూడా. చలికాలంలో మొదలుపెట్టి, చారలు చాలనుకుంటే ఒకే ముక్క.