గాజు పెట్టెలో పుట్టా, మామిడి చెట్టు మీద గూడా?

డిగ్రీ జువాలజీ పిల్లలకు చీమల సమాజం గురించి చెప్పాలంటే నాకు రెండు దారులున్నాయి. ఒకటి కావలిలో మా ల్యాబులోని గాజు పెట్టె, అందులో గండు చీమలు. రెండోది ఉలవపాడు వైపు మామిడి తోట, అక్కడ ఆకులు కుట్టుకునే ఎర్ర చీమలు.

పెట్టెతో సుఖం ఉంది. ఎర్ర సెల్లోఫేన్ కాగితం కప్పితే చీమలకు చీకటే; ఎరుపు వాటికి సరిగా కనబడదు. రాణి గుడ్లు పెట్టడం, పనిచీమలు నోటి నుంచి నోటికి తిండి పంచుకోవడం కుర్చీలో కూర్చుని చూడొచ్చు. కాకపోతే ఒక్క రాణితో మొదలుపెడితే తొలి పనిచీమలు రావడానికే వారాలు పడుతుంది. పైగా ఒకసారి మూత సరిగా పెట్టక, స్టాఫ్‌రూములో చక్కెర డబ్బా వాటి పాలైంది.

తోట సంగతి వేరు. పనిచీమలు ఒకదాని నడుము ఒకటి పట్టుకుని, గొలుసు కట్టి ఆకుల్ని దగ్గరికి లాగుతాయి. ఇంకొన్ని తమ లార్వాలను నోట కరుచుకుని, వాటి నుంచి వచ్చే పట్టుదారంతో అంచులు కలిపేస్తాయి. పసిబిడ్డే సూదీ, దారమూ! ఒకే కుటుంబం గూళ్ళు చాలా చెట్ల మీద ఉంటాయి. సరిహద్దు గూళ్ళలో కాపలా కాసేవి ముసలి చీమలు. ఇదంతా పెట్టెలో ఎక్కడ కనబడుతుంది? కరిచిన చోట ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి కాబట్టి కేకలు మాత్రం తప్పవు. "సార్, చొక్కాలో దూరింది!" అని ఒకడు గంతులేస్తుంటే, తోట కాపలా తాత "కదలమాక అబ్బయా" అని ఒకటే నవ్వు.

రోజూ లెక్కలు రాసుకుని చార్టు గీయాలంటే పెట్టె. ఒక్కరోజే టైమ్ ఉంటే మాత్రం పిల్లల్ని పొద్దున్నే బస్సెక్కిస్తాను, ఎండ ముదరకముందే.