మక్కకు యూరియా: చల్లాలా, మట్టిలో కప్పాలా, డ్రిప్‌లో పంపాలా?

2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టి కాచుకున్న సంగతి ఎవరూ మరిచిపోలేదు. అప్పటి నుంచి మక్క వేసేవాళ్లు ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు. దొరికిన రెండు మూడు బస్తాలు గాలిపాలు కాకుండా ఎలా వేయాలి? చల్లాలా, మట్టిలో కప్పాలా, డ్రిప్ ఉంటేనే లాభమా, లేక ఆకుల మీద కొట్టే ఆ నానో యూరియా చిన్న సీసాలతో సరిపోతుందా? పోయిన యాసంగిలో నాకూ ఇదే తేలలేదు. ఉన్న మూడెకరాల్లో మూడు రకాలుగా చేసి చూశాను.

ముందు బస్తాల లెక్క. ఎకరం మక్కకు సుమారు 80 కిలోల నత్రజని అనుకుందాం. దుక్కిలో వేసే డీఏపీ ఎరువు ఒక బస్తాతో 9 కిలోలు వస్తుంది. మిగతా 71 కిలోలు యూరియా నుంచే రావాలి. 45 కిలోల బస్తాలో ఉండే నత్రజని 20.7 కిలోలు, అంటే మూడున్నర బస్తాలు. ఇక్కడిదాకా పేచీ లేదు. వేసిన మూడున్నరలో మొక్క నోటికి అందేది ఎంత అన్న దగ్గరే తేడా అంతా.

నన్నడిగితే ఏ రకం యూరియా, ఏ కంపెనీ అన్నది తర్వాతి మాట. యూరియా పలుకు మట్టి పైన పడి ఉందా, లోపల ఉందా? సగం కథ అక్కడే తేలిపోతుంది. మట్టిలో, చెత్తలో యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. తడి తగలగానే అది యూరియాను విరగ్గొట్టి అమ్మోనియాగా మారుస్తుంది. మూడు వేళ్ల లోతులో ఉంటే ఆ అమ్మోనియాను మట్టి పట్టుకుంటుంది. పైనే ఉంటే గాలిలో కలిసిపోతుంది. ఎండ, గాలి, సున్నం ఉన్న నేల, పైన పరుచుకున్న వరి కొయ్యకాళ్ల చెత్త, ఇవన్నీ దాన్ని ఇంకా తొందరగా లేపేస్తాయి.

మా చిన్నాయన పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు. "ముందుగాల నీళ్లు పెట్టాలెరా, తడి మీద చల్లాలె. ఎండిన నేల మీద ఏస్తే ఏం కరుగుతది?" అంటాడు. ఊళ్లో సగం మంది చేసేదీ అదే. పలుకు కరుగుతుంది, నిజమే. కానీ కరిగి పైనే ఉండిపోతుంది, నేల ఆరేకొద్దీ గాలిలోకి పోతుంది. చల్లక తప్పదంటే పొడి నేల మీద చల్లి, ఆ పూటే నీళ్లు పెట్టాలి. అప్పుడు యూరియా నీటితో పాటు లోపలికి దిగుతుంది. అయితే బోదెల మీద వేసిన మక్కలో ఇదీ పూర్తిగా కుదరదు. కాలువలో పారే నీరు బోదె పక్కన పడ్డ పలుకులను కిందికి కడగదు, కింది నుంచి చెమ్మ ఎక్కుతుందంతే. వానాకాలంలో మబ్బు చూసి చల్లేవాళ్లకు ఇంకో తిప్ప. గట్టి వాన పడితే లోపలికి దిగుతుంది, మరీ ఎక్కువైతే కొట్టుకుపోతుంది. ఉత్త తుంపర పడి ఆగిపోతే అన్నింటికన్నా నష్టం.

మొదటి ఎకరంలో చల్లాను. రెండో ఎకరంలో సాలు వెంట మొక్కకు బెత్తెడు దూరంలో రాల్పించి, వెనకే మట్టి కప్పేలా గుంటుక తోలించాను. 60 సెంటీమీటర్ల సాళ్లు, మొక్కకూ మొక్కకూ 20 సెంటీమీటర్ల దూరం అయితే ఎకరంలో 33 వేల చిల్లర మొక్కలు. ఒక బస్తాను అన్నింటికీ పంచితే మొక్కకు గ్రామున్నర కూడా రాదు, మూడు వేళ్లకు అందే చిటికెడు. అంత చిన్న చిటికెడులో కొంత గాలికి పోయాక మొక్కకు మిగిలేదెంత? ఈ లెక్క వేసుకున్న రోజే చల్లడం మీద నాకు మనసు విరిగింది. ఇద్దరు కూలీలకు ఒక పూట పట్టింది, అదే అదనపు ఖర్చు. గుంటుక ఎలాగూ కలుపు కోసం తోలేదే. చల్లినప్పుడు మొక్క సుడిలో పలుకులు పడి ఆకులు మాడే బాధ కూడా తప్పింది. నలభై అయిదు రోజులకు రెండు ఎకరాల గట్టు మీద నిలబడి చూస్తే తేడా కళ్లకు కనబడింది. చల్లిన వైపు కింది ఆకులు కొన నుంచి నడి ఈనె వెంట పసుపు తిరుగుతున్నాయి, కప్పిన వైపు ఇంకా ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి.

"యూరియాకు వేప నూనె పూత ఉంది కదా, ఇంకా గాలిలోకి లేస్తుందా?" అని అడుగుతారు. 2015లోనే వేప పూత తప్పనిసరి చేశారు, ఇప్పుడు దొరికేదంతా అదే. కానీ వేప నూనె ఆపేది వేరే నష్టాన్ని. మట్టిలోని అమ్మోనియం కాస్తా నైట్రేట్ రూపంలోకి మారడాన్ని అది నెమ్మది చేస్తుంది. ఇసుకపాలు ఎక్కువుండే చల్క నేలల్లో నైట్రేట్ కిందికి జారిపోకుండా, నల్లరేగడిలో నీళ్లు నిలిచినప్పుడు అది వాయువుగా మారి పోకుండా ఆ మేరకు పనికొస్తుంది. పైన చల్లిన పలుకు గాలిలో కలవడాన్ని మాత్రం ఆపలేదు.

ఇక డ్రిప్. మిర్చి కోసం పెట్టించుకున్నది ఒక ఎకరంలో ఉంది, అందులోనే మక్క వేశాను. నిజం చెప్పాలంటే పనితనంలో దీన్ని మించింది లేదు. వారానికోసారి కొంచెం కొంచెంగా, మొక్క ఎంత తింటే అంత ఇవ్వొచ్చు. మొదట ఉత్త నీళ్లు, మధ్యలో మందు (నీటిలో కరిగించిన యూరియా), చివర మళ్లీ పైపులు కడిగేలా ఉత్త నీళ్లు. చిక్కల్లా ఆ చివరి నీళ్లతోనే. అమ్మోనియంగా మారేదాకా యూరియాను మట్టి గట్టిగా పట్టుకోదు, నీరు ఎటు పోతే అటు పోతుంది. ఒకసారి మందు వదిలి, మోటారును ఆటోస్టార్టర్‌కు వదిలేసి పడుకున్నాను. తెల్లారేదాకా పారింది. చల్క నేల, ఆ వారం మందంతా వేర్లకు అందకుండా కిందికి దిగి ఉంటుంది. డ్రిప్ ఉన్నవాళ్లు తప్పకుండా వాడుకోండి. కానీ ఒక్క మక్క కోసమే కొత్తగా పెట్టించుకోమని నేను చెప్పను.

నానో యూరియా సంగతి రెండు ముక్కల్లో. 2021లో వచ్చిన అర లీటరు సీసాలో 4 శాతం, అంటే 20 గ్రాముల నత్రజని. బస్తాలో 20 కిలోలు. ఒక సీసా ఒక బస్తాకు సాటి అన్న ప్రచారాన్ని ఈ అంకెల పక్కన పెట్టి చూసుకోండి. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వరి, గోధుమల్లో చేసిన ప్రయోగాల్లో యూరియా తగ్గించి దీన్ని కొడితే దిగుబడి తగ్గింది. గంధకం పూసిన యూరియా గోల్డ్ బస్తా 40 కిలోలు, నత్రజని 37 శాతం, అంటే 14.8 కిలోలు. ధర మామూలు బస్తాదే. గంధకం తక్కువున్న నేలకైతే ఆలోచించొచ్చు.

మట్టిలో కప్పడానికీ ఇబ్బందులున్నాయి. నల్లరేగడిలో ముసురు పట్టిందంటే పది రోజులు చేలో కాలు పెట్టలేం, గుంటుక మాట దేవుడెరుగు. పైగా 50 రోజులు దాటిన మక్కలో మనిషే కనబడడు, ఇక గుంటుక ఎక్కడ తిరుగుతుంది? పూత ముందు వేసే చివరి దఫా మాత్రం చల్లి, వెంటనే నీళ్లు పెట్టాల్సిందే. అందుకే ఈ యాసంగికి వాటాలు మార్చాను. విత్తేటప్పుడు డీఏపీతో పాటు అర బస్తా యూరియా, 25వ రోజు ఒకటి, 35వ రోజు ఒకటి, రెండూ మట్టిలో కప్పి. పూత ముందు పైన పడేది ఒక్క బస్తానే. 35వ రోజుకు మొక్క కాస్త ఎత్తు అయిపోతుందని, ఆ దఫాకు గుంటుక బదులు పవర్ వీడర్ అనే కలుపు యంత్రాన్ని బాడుగకు ఇప్పుడే చెప్పి ఉంచాను.