పుట్టగొడుగుల గదికి "తాజా గాలి సెట్టు" కొంటున్నారా? ముందు ఇది చదవండి

కాడలు వేలెడు పొడవు సాగి, గొడుగులు మాత్రం చొక్కా గుండీ అంత కూడా విచ్చుకోకపోతే తప్పు విత్తనానిది కాదు, గాలిది. 60 బెడ్లు పాడయ్యాక గానీ నాకు ఈ సంగతి తెలియలేదు.

తెనాలిలో మా ఇంటి వెనుక గదిలో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నాను. గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. వరిగడ్డి బెడ్లను పుట్టగొడుగు పోగులు తెల్లగా అల్లుకునే రోజుల్లో గాలి పెద్దగా మారకపోయినా ఫరవాలేదు. మొగ్గలు వచ్చే వేళకు మాత్రం కార్బన్ డయాక్సైడ్ 1000 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు వెయ్యి వంతులు) లోపు ఉండాలి. దానికోసమే 14 వేలు పోసి ఒక వ్యాపారి దగ్గర "పూర్తి సెట్టు" తీసుకున్నాను.

వచ్చింది ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, గొట్టం, వడపోత పెట్టె, కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటరు. గాలి లోపలికి వచ్చే దారి మాటే లేదు. అడిగితే, "ఫ్యాను లాగుతుంటే అదే వస్తుందండీ" అన్నారు. ఎక్కడి నుంచి వస్తుంది? ఈగలు దూరకుండా కిటికీలన్నీ పాలిథిన్‌తో మూసి ఉంచాను. ఫ్యాను వేయగానే ఆ పాలిథిన్ లోపలికి పొట్టలా ఉబ్బింది. తలుపు తీయాలంటే రెండు చేతులతో లాగవలసి వచ్చింది. చివరికి గాలి దారి వెతుక్కుంది, నీళ్లు పోయే తూములోంచి. దానితోపాటే నల్లటి చిన్న ఈగలూ వచ్చాయి.

ఫ్యాను 250 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు) అని చెప్పి అమ్మారు. లోపలి కాగితం చూస్తే అది గంటకు 250 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 147 సీఎఫ్ఎం మాత్రమే. అదీ గొట్టం, వడపోత తగిలించకముందు లెక్క. నా గదిలో గంటకు ఆరుసార్లు గాలి మారాలంటే నికరంగా 120 సీఎఫ్ఎం కావాలి. వడపోత, గొట్టం వంపులు తినేశాక అంత మిగలలేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది మీటరు. మొగ్గలు ఊపిరాడక సాగుతున్నా అది 450 దగ్గరే నిలిచింది. అనుమానం వచ్చి చేతికి శానిటైజర్ రాసుకుని దగ్గర పెట్టాను. ఒక్కసారిగా 2000 దాటింది. కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా కొలిచే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ ఉంటే ఆల్కహాల్ ఆవిరికి అలా ఎగరదు. ఇది ఆవిరులను పసిగట్టి అంచనా అంకె వేసే రకం. పాపం, ఆ అంకెను నమ్మి రోజుకు మూడుసార్లు నోటు పుస్తకంలో రాసుకున్నాను.

తరువాత ఎదురు గోడకు, ఫ్యాను రంధ్రానికి రెండింతల కిటికీ పెట్టించి, దోమతెరకన్నా సన్నని జాలీ బిగించాను. వడపోత తీసేశాను. రెండో విడతకు గొడుగులు అరచేయంత విచ్చుకున్నాయి.

విప్పిన సరుకు వెనక్కి తీసుకోబోమని వ్యాపారి చెప్పారు. సరుకు దించిన రోజే "సరిచూసుకున్నాను" అన్న కాగితం మీద నా సంతకం తీసుకున్నారు మరి. దయచేసి ఫ్యాను బిగించి, తిప్పి చూసేవరకు ఆ సంతకం పెట్టకండి. గంటకు ఎన్ని ఘనపు మీటర్లో బిల్లులోనే రాయించుకోండి.