గూడెం సీడీల కొట్టు: ఎస్వీఆర్ కోసం వెళ్లండి, చొక్కాకి ఉల్లిపాయ వాసన అంటుకుని వస్తుంది

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ దాటాక ఒక సందులో పాత సీడీల కొట్టుంది. బోర్డు మీద పేరు ఎండకి వెలిసిపోయి ‘వీడియో’ అన్న ముక్క ఒక్కటే మిగిలింది, కాబట్టి పేరేంటని నన్నడక్కండి. "సీడీలాయన కొట్టెక్కడండీ" అంటే ఎవరైనా చూపిస్తారు. ఇప్పుడంతా ఫోన్లోనే వస్తుంటే సీడీలెవడు కొంటాడంటే, మా నాన్న కొంటారు. ఆయనకి డెబ్బై రెండేళ్లు. ఫోన్లో పాత సినిమా పెట్టిస్తే రెండు నిమిషాలు చూసి, "ఎస్వీ రంగారావుని అరచేతిలో చూడమంటావేంట్రా, సిగ్గులేదూ" అని ఫోను నా చేతిలో పెట్టేశారు. మర్నాడే అత్తిలి నుంచి గూడెం వెళ్లాను.

కొట్టు మహా అయితే పదడుగులు ఉంటుంది. ఎన్టీఆర్‌కి ఒక అర, ఏఎన్నార్‌కి ఒక అర, ఇంతవరకూ మామూలే. మూడో అర మొత్తం ఎస్వీఆర్‌ది. ‘మాయాబజార్’ కావాలని ఎన్టీఆర్ అరంతా వెతికితే దొరకలేదు, చూస్తే ఎస్వీఆర్ అరలో ఉంది. ఇదేంటండీ ఇక్కడ పెట్టారంటే కొట్టాయన ఏమన్నాడంటే, "ఘటోత్కచుడు రాకపోతే శశిరేఖ పెళ్లి లక్ష్మణకుమారుడితో అయిపోను కదండీ, మరింక సినిమా ఎవరిది?" ఆ లెక్కకి ఎదురు చెప్పడానికి నాకేం దొరకలేదు. గూడెంలో ఎస్వీఆర్ విగ్రహం కూడా ఉంది కదా, 2019లో చిరంజీవి వచ్చి ఆవిష్కరించారు. పుట్టింది నూజివీడులోనే అయినా, డిగ్రీ చదివిందీ, యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్‌లో నాటకాలాడిందీ కాకినాడలో. అందుకని గోదావరోళ్లం ఆయన్ని సగం మావాడే అనుకుంటాం.

ఇక సర్వీసు సంగతి. ఈయన డిస్కు కవరు చూపించి డబ్బులు పుచ్చుకునే రకం కాదు. ముందు ట్యూబ్‌లైటుకి అడ్డంగా పట్టి చూపిస్తాడు, సూది బెజ్జాల్లాంటి వెలుతురు చుక్కలు కనిపిస్తే పక్కన పడేస్తాడు. మన తేమకి డిస్కుల పూత కూడా పాడవుతుందని నాకు అప్పటిదాకా తెలీదు. తర్వాత మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి నిలువుగా తుడుస్తాడు. గుండ్రంగా తుడిచానని నాకు చీవాట్లు పడ్డాయి. ఆ మీదట మూలనున్న, వెనక బుర్రలా ఉబ్బిన పాత టీవీలో మొదట్లో కాసేపు, మధ్యలో కాసేపు, చివర్లో కాసేపు వేసి చూపిస్తాడు. ఏడు డిస్కులకి గంటన్నర పట్టింది. బయట లారీల్లోంచి ఉల్లిపాయ బస్తాలు దింపుతున్నారు, లోపల ఫ్యాను లేదు, నేనొక్కణ్ణే కస్టమర్ని. టీ మాత్రం ఆయనే చెప్పాడు.

డిస్కు డెబ్బై రూపాయలు. ‘బంగారు పాప’కి ఒక్కదానికీ నూటయాభై అన్నాడు, ఇంకోటి దొరకదట. మొత్తం ఐదొందల డెబ్బై అయితే ఐదొందల యాభై తీసుకున్నాడు. బేరం చెయ్యలేదు, చేస్తే పోనిచ్చేవాడేమో.

ఏది ముందు కొనాలంటే, అందరూ ‘పాతాళభైరవి’ అంటారు. తప్పులేదు. 1951 నాటికి ఎస్వీఆర్‌కి ముప్ఫై రెండేళ్లు, ఆ నేపాళ మాంత్రికుడు మాత్రం వయసు తెలియని మనిషిలా ఉంటాడు, ‘డింభకా’ అని సాగదీసి పిలిచే పిలుపుని మా ఇంట్లో పిల్లలు ఇప్పటికీ ఆడుకుంటూ అంటారు. కానీ నన్నడిగితే ఆయన గొప్పతనం ఆ గర్జనల్లో లేదు. గొంతు తగ్గించి మాట్లాడే పాత్రల్లో ఉంది. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ తీసుకోండి. ఊళ్లో స్కూలుకి బీఏ పాసైన భార్యాభర్తలు కావాలనే జమీందారు. ఆ ఉద్యోగానికి వచ్చిన మేరీ, అంటే సావిత్రి, విసుక్కుంటుంది, చిరాకు పడుతుంది, ఆయన మాత్రం ఇంటి ఆడపిల్ల అలిగినట్టే సర్దుకుపోతాడు. ఎస్వీఆర్‌కి అప్పటికి ముప్ఫై ఆరు నిండాయంతే, సావిత్రికీ జమునకీ తండ్రి. ‘గుండమ్మ కథ’లో అయితే మరీను, ఎన్టీఆర్‌కీ ఏఎన్నార్‌కీ తండ్రి. ఎన్టీఆర్‌కన్నా ఆయన పెద్ద ఐదేళ్లే! చూస్తున్నంతసేపూ ఆ లెక్క ఒక్కసారి కూడా గుర్తురాదు. తెల్ల జుట్టు విగ్గు ఎవరైనా పెడతారు, కుర్చీలోంచి లేచేటప్పుడు తండ్రిలా లేవాలి కదా.

‘బంగారు పాప’ గురించి రెండు ముక్కలు ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి. బి.ఎన్.రెడ్డి తీశారు, ‘సైలస్ మార్నర్’ అనే ఇంగ్లిష్ నవల ఆధారం. రాసింది పాలగుమ్మి పద్మరాజు, మా అత్తిలి పక్కన తిరుపతిపురం ఆయనది. కోటయ్య (ఎస్వీఆర్) అనే మొరటు మనిషి, ఊరంతా భయపడే మనిషి, దొరికిన పసిపిల్లని పెంచుకుంటాడు, కథ అంతే. ఆ పెద్ద చేతుల్లో అంత చిన్న పిల్ల. ఎత్తుకోవడం చేతకాని మగాడు పిల్లని ఎలా పట్టుకుంటాడో అలాగే పట్టుకుంటాడు, ఎక్కడ నలిగిపోతుందో అన్నట్టు. మా నాన్న ఏ సినిమాకైనా మధ్యలో ఒక చుట్ట కాల్చుకోడానికి వీధిలోకి వెళ్తారు, దీనికి వెళ్లలేదు. నూటయాభై అక్కడే గిట్టుబాటయింది.

ఇప్పుడు తప్పులు. ఒకటి, ‘మాయాబజార్’ కవరు మీద నలుపు తెలుపు బొమ్మ, లోపల 2010లో రంగులద్దిన ప్రింటు. కొట్టాయన మూడు చోట్ల వేసి చూపించాడు నిజమే, కానీ ఆ టీవీలో అన్నీ ఒకే బూడిద రంగులో ఉంటే నాకెలా తెలుస్తుంది? మా అమ్మాయికి రంగుల్లోనే నచ్చింది, లడ్డూలు వాటంతటవే నోట్లోకి వెళ్తుంటే నాలుగుసార్లు వెనక్కి తిప్పించింది. నాన్న మాత్రం, "నేను తణుకు హాల్లో చూసిన ఘటోత్కచుడు వీడు కాడు" అని మొహం అటు తిప్పుకున్నారు.

రెండోది అసలైన నేరం. ‘నర్తనశాల’ సరిగ్గా కీచకుడు రెచ్చిపోయేచోట ఆగిపోయింది. ఆ పాత్రకే ఎస్వీఆర్‌కి జకార్తా ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడని బహుమతిచ్చారు, ఇక్కడేమో మొహం గళ్లుగళ్లుగా చీలిపోయి కదలడం లేదు. మొదలూ మధ్యా చివరా చూస్తే చాలదన్నమాట, ముప్పావు దగ్గర గీత పడి ఉంది. నేను ప్లేయర్ని కొడుతుంటే, నాన్న మంచం దిగి, తువ్వాలు భుజాన వేసుకుని, సైరంధ్రి వైపు కీచకుడు ఎలా చూస్తాడో, ఎలా నడుస్తాడో వసారాలో ఇటు నుంచి అటు నడిచి చూపించారు. మోకాళ్ల నొప్పులని మొన్నటిదాకా డాక్టరు దగ్గరికి తిప్పాను ఈ మనిషినే. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "చాల్లెండి సంబడం, పడతారు" అంది.

డిస్కు వెనక్కి పట్టుకెళ్తే కొట్టాయన వాదన పెట్టుకోలేదు, డబ్బు వెనక్కిస్తానన్నాడు. నాకు డబ్బొద్దు, కీచకుడు కావాలన్నాను. పది రోజుల్లో ఫోన్ చేస్తానని, పద్దెనిమిదో రోజున చేశాడు. ఈసారి డిస్కు మొత్తం కూర్చుని చూశాడట, "నాకూ పనేముందండీ" అన్నాడు. నలుపు తెలుపు ‘మాయాబజార్’ కూడా కలిపి ఉంచాడు, తేడా డబ్బులేం తీసుకోలేదు. రంగులది మా అమ్మాయికే ఉండనిమ్మన్నాడు. ఆలస్యానికి ఒక నక్షత్రం కోస్తున్నా, ఐదుకి నాలుగు.

వెళ్లేవాళ్లకి: మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా కొట్టు మూసి నిద్రపోతాడు, తలుపు కొట్టొద్దు. ఫోన్ పే లేదు, నోట్లు పట్టుకెళ్లండి. ప్లేయరు లేనివాళ్లకి పాతది బాగుచేసి ఇస్తాడు గానీ రిమోట్ ఉండదు. ‘తాత మనవడు’ రెండు కాపీలున్నాయి, పాలకొల్లు దాసరి గారి మొదటి సినిమా, రాజమండ్రి రాజబాబు కూడా ఉన్నాడు, తీసుకోండి. ‘భక్త ప్రహ్లాద’ వస్తే నాకోసం పక్కన పెట్టమని చెప్పి వచ్చాను. కౌంటరు కింద పసుపు సంచిలో కనిపిస్తే అది నాది, ముట్టుకోకండి.