ఈ జన్మలో నా పని ఏమిటి? యూదు మార్మికుల దారుల్లో ఏది మేలు?

పునర్జన్మ అనగానే అది మన సొంతమనుకుంటాం. యూదుల్లో కబాలా అనే మార్మిక సంప్రదాయం ఉంది, అందులోనూ ఆత్మ మళ్ళీ మళ్ళీ పుడుతుంది. దాన్ని గిల్గుల్ అంటారు. దొర్లడం, చక్రంలా తిరగడం అని ఆ మాటకు అర్థం. వెనకటి జన్మలో పాడుచేసిందో, సగంలో వదిలేసిందో బాగుచేసుకోవడానికి తిరిగొస్తామట. ఆ బాగుచేతకే తిక్కున్ అని పేరు.

యూదులంతా దీన్ని ఒప్పుకున్నారని కాదు. పదో శతాబ్దంలో సాదియా గావోన్ అనే యూదు పండితుడు పునర్జన్మనే కాదన్నాడు. ఈ దారుల్లో కలిసే జ్యోతిషాన్నైతే పన్నెండో శతాబ్దంలో మైమోనిడిస్ అనే మరో పండితుడు ఉత్త మూర్ఖత్వమన్నాడు. నమ్మేవాళ్ళకు మాత్రం ఒక ప్రశ్న మిగులుతుంది. నా తిక్కున్ ఏదో నాకెలా తెలుస్తుంది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టుకుంది. చదివినంతలో మూడు దారులు కనిపించాయి.

ఈమధ్య కబాలా జ్యోతిషం పేరుతో అమెరికా నుంచి వచ్చే పుస్తకాల్లో, క్లాసుల్లో ఎక్కువగా చెప్పేది రాహుకేతువుల దారి. కేతువున్న రాశి నువ్వు మోసుకొచ్చిన పాత అలవాటు, రాహువున్న రాశి నువ్వు చేరాల్సిన చోటు. హీబ్రూలో వీటిని మహాసర్పం తల, తోక అంటారు కాబట్టి మనకు కొత్తగా అనిపించదు. పైగా సులువు. పుట్టిన తేదీ ఉంటే చాలు, సమయం తెలియకపోయినా దాదాపుగా లెక్క తేలిపోతుంది. అయితే రాహువు ఒక్కో రాశిలో ఏడాదిన్నర దాకా ఉంటాడు. పదో తరగతిలో మా బెంచీ మీద కూర్చున్న ముగ్గురికీ రాహువు ఒకే రాశిలో ఉన్నాడు. ఒకడు ఎవరేమడిగినా కాదనలేడు. ఇంకొకడి నోటి నుంచి మెచ్చుకోలు మాట రావడం కష్టం. నేనేమో చిన్నదానికే మండిపడేవాణ్ణి. ముగ్గురం ఒకే పాఠం నేర్చుకోవడానికి పుట్టామంటే నాకు మనసొప్పదు.

రెండోది నెలల దారి. సెఫెర్ యెట్సిరా అని చాలా పాత, చాలా చిన్న గ్రంథం ఉంది. హీబ్రూలో 22 అక్షరాలు. అందులో 3 మూలతత్త్వాలవి, 7 గ్రహాలవి, మిగిలిన 12 యూదుల పన్నెండు నెలలవీ పన్నెండు రాశులవీ. ఒక్కో నెలకు మనిషిలోని ఒక్కో శక్తిని కూడా జతచేశారు. నీసాన్‌కు మాట, సీవాన్‌కు నడక, తమ్మూజ్‌కు చూపు, శెవాత్‌కు తిండి, అదార్‌కు నవ్వు. ప్రతుల మధ్య కొద్దిపాటి తేడాలున్నాయి. నేను చెబుతున్నది ఎక్కువమంది వాడే పట్టిక. వాళ్ళ నెల కూడా మనలాగే అమావాస్య తర్వాత మొదలవుతుంది, మన అధికమాసంలా 19 ఏళ్ళలో 7 సార్లు అదనపు నెల వస్తుంది. 2024లోనూ 2025లోనూ నీసాన్ మొదటి తేదీ సరిగ్గా మన ఉగాది రోజునే పడింది.

నేను పుట్టింది జనవరి మొదటి వారంలో. లెక్క చూస్తే తేవేత్ నెల, మకర రాశి, అయిన్ అనే అక్షరం. దాని శక్తి కోపం. అది చూసిన రోజు పుస్తకం మూసేశాను. తర్వాత నిదానంగా చదివితే అర్థమైంది, కోపాన్ని అక్కడ జబ్బుగా చెప్పలేదు. చూపు, నవ్వు లాగే అదీ మనిషి చేతిలో పెట్టిన ఒక పనిముట్టు. అసలు ఆ నెలలో అందరూ ఆ శక్తి మీద పనిచేయాలంటారు, పుట్టినవాడొక్కడే కాదు. అందుకే ఈ దారి జాతకంగా కంటే క్యాలెండర్‌గా బాగా పనికొస్తుందని నా నమ్మకం.

ఇక గిల్గుల్ విద్యకు పేరుపడ్డ ఊరు, గలిలయ కొండల్లోని సఫేద్. కబాలా గురువు ఐజాక్ లూరియా అక్కడికి 1570లో వచ్చాడు, 1572లో 38 ఏళ్ళకే పోయాడు. ఆయన చెప్పింది శిష్యుడు హయీమ్ విటాల్ రాసిపెట్టాడు. లూరియా మనిషి నుదుటి మీద అక్షరాలు చదివి ఆత్మ సంగతి చెప్పేవాడట. నుదుటి రాత అంటే చెరగనిదని మన లెక్క. ఆయన చూసిన రాత అలాంటిది కాదు. మంచిపని చేస్తే ఆ అక్షరాలు వెలుగుతాయి, తప్పు చేస్తే మసకబారతాయి. ఇంతకంటే ఆశ పెట్టే మాట నేనెక్కడా చదవలేదు. చదివి చెప్పే లూరియా మాత్రం ఇప్పుడు లేడు.

అందుకే యూదు పండితుడు విల్నా గావోన్ (1720–1797) చూపిన మూడో దారి నాకు విలువైనది. బైబిల్లోని యోనా గ్రంథానికి రాసిన వ్యాఖ్యానంలో ఆయన రెండే గుర్తులు చెప్పాడు. ఏ తప్పులో మళ్ళీ మళ్ళీ పడుతున్నావో చూడు, నీ మనసు ఏ తప్పువైపు ఎక్కువగా లాగుతోందో చూడు. వచ్చిన పని అక్కడే ఉంది. పంచాంగం అక్కర్లేదు, డబ్బు కట్టి క్లాసులో చేరక్కర్లేదు. కష్టమల్లా ఒక్కటే, మనల్ని మనం మోసం చేసుకోకుండా చూసుకోవడం.

మరి గ్రహాలు పూర్తిగా వృథానా? యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తల్మూద్‌లో దీనికి మంచి సమాధానం ఉంది. కుజహోరలో పుట్టినవాడు రక్తం చిందిస్తాడు అంటుంది ఒక మాట. రవ్ అషీ అనే గురువు దాన్ని విప్పి చెప్పాడు: జబ్బుకు నెత్తురు తీసే వైద్యుడు కావచ్చు, దోపిడీదొంగ కావచ్చు, కసాయి కావచ్చు, సున్తీ చేసేవాడు కావచ్చు. ఒకే కుజుడు, నాలుగు బతుకులు. ఆ కత్తితో ఏం చేయాలో జాతకం చెప్పదు.

కాబట్టి ఎవరైనా నన్నడిగితే విల్నా గావోన్ దారినే ముందు పట్టుకోమంటాను, నెలల పట్టికను తోడుంచుకోమంటాను. రాహుకేతువుల జోలికి వెళ్ళకపోయినా పోయేదేం లేదు.

నేను అలాగే చేశాను. ముప్పై రోజులపాటు పడుకునేముందు ఆ రోజు ఎక్కడ జారానో నోట్‌బుక్‌లో ఒక్క ముక్క రాసుకున్నాను. నా నెల తేవేత్ కదా, పేజీలన్నీ కోపంతోనే నిండుతాయనుకున్నాను. చివర్లో లెక్కపెడితే కోపం ఆరుసార్లు. పందొమ్మిది చోట్ల ఉన్నది వేరే మాట: "చేస్తానన్నాను, చేయలేదు." అందులో ఏడు, అమ్మకు రాత్రి మళ్ళీ చేస్తానని చెప్పి మర్చిపోయిన ఫోన్లు.