బత్తాయి ఆకు పసుపెక్కితే ఎవరికి చూపాలి: దుకాణానికా, ఫోనుకా, ల్యాబుకా?

నల్లగొండ వైపు బత్తాయి ఆకు పసుపెక్కగానే చాలామంది నాలుగు ఆకులు తెంపుకుని మందుల దుకాణానికే పోతారు. దగ్గరుంటుంది, అప్పు కూడా పెడతారు. కానీ మందు అమ్మేవాళ్లే రోగం పేరు చెప్పడం నాకు నచ్చదు. పురుగుమందు, తెగులు మందు, పైన సూక్ష్మపోషకాలు కలిపి ఇస్తారు. చెట్టు కోలుకున్నా దేనితో కోలుకుందో తెలియదు కాబట్టి వచ్చే ఏడు మళ్లీ మూడూ కొనాల్సిందే.

ఫోను అంతకంటే నయం. పత్తిలో పచ్చదోమ, పేనుబంక లాంటి కంటికి కనపడే పురుగైతే ఆకు అడుగు భాగం దగ్గర్నుంచి ఫొటో తీసి ఏఈఓకి (వ్యవసాయ విస్తరణ అధికారికి) వాట్సాప్ చేస్తే చాలు. 1800-180-1551కి ఫోన్ చేస్తే కిసాన్ కాల్ సెంటర్ వాళ్లు తెలుగులోనే చెబుతారు. గులాబీ రంగు పురుగుకు మాత్రం ఫొటో పనికిరాదు. పచ్చికాయ పైకి బాగానే ఉంటుంది, పగలగొట్టి చూడాల్సిందే. వరిలో బ్యాక్టీరియా ఎండాకు తెగులని అనుమానం వస్తే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఆకు ముక్క కోసి గాజు గ్లాసు నీళ్లలో నిలబెడితే, ఆ తెగులే అయితే కోసిన చోటు నుంచి పాలలాంటి ద్రవం సన్నగా దిగుతుంది. ఇలాంటి వాటికి ల్యాబ్ దాకా పోతే ఆలోగా పంట ఆగదు.

బత్తాయి సంగతి వేరు. పసుపెక్కడానికి జింకు లోపం కావచ్చు, వేర్లను పట్టే, కంటికి కనపడని నులిపురుగులు కావచ్చు, వేరుకుళ్లు కావచ్చు, పాదులో నీళ్లు నిలవడం కావచ్చు, గ్రీనింగ్ తెగులూ కావచ్చు. జింకు లోపమైతే నడిమి ఈనెకు రెండు వైపులా పసుపు ఒకే తీరుగా ఉంటుంది. గ్రీనింగ్ అయితే ఒకవైపు మచ్చకు రెండో వైపు పొంతన ఉండదు. ఒకే చెట్టుకు రెండూ ఉంటే అనుభవం ఉన్న కన్ను కూడా పొరబడుతుంది. గ్రీనింగ్ బ్యాక్టీరియాను సిల్లా అనే రసం పీల్చే చిన్న పురుగు, రోగమున్న అంటు మొక్క మోసుకొస్తాయి. సోకిన చెట్టును నయం చేసే మందు లేదు, పక్క చెట్లను కాపాడాలంటే దాన్ని పీకేయాలి. ఏళ్ల తరబడి సాకిన చెట్టును అంచనా మీద ఎలా పీకుతాం? బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని పట్టి చూపే పీసీఆర్ పరీక్షలో తేలాకే ఆ మాట అనాలి. నులిపురుగుల సంగతీ అంతే, వేరును, మట్టిని సూక్ష్మదర్శిని కింద చూడకుండా ఏ యాప్ చెప్పలేదు. అందుకే బత్తాయి, నిమ్మ, మామిడి తోటలకు నా ఓటు ల్యాబుకే.

అయితే నమూనా సరిగా లేకపోతే ల్యాబ్ కూడా ఏమీ చేయలేదు. పూర్తిగా ఎండిన కొమ్మ తీసుకుపోతే, చచ్చిన కట్టె మీద పెరిగే బూజే బయటపడుతుంది. రోగం ఇంకా పాకుతున్న చోట, మంచి భాగం కొంత కలిసేలా కోయాలి. చెట్టు గొడుగు అంచు కింద తవ్వి పీచు వేర్లను మట్టితో సహా తీయాలి. ఆకులు పేపర్లో చుట్టాలి, ప్లాస్టిక్ కవర్లో చెమర్చి కుళ్లిపోతాయి. వేర్లు, మట్టి మాత్రం ఆరిపోకుండా కవర్లో మూట కట్టాలి. మందు కొట్టకముందే నమూనా తీయాలి. కొట్టేసి ఉంటే ఏ మందో, ఎప్పుడు కొట్టారో చీటీ మీద రాసి పెట్టండి.

బత్తాయి, నిమ్మ రైతులకు కొండమల్లేపల్లి ఉద్యాన పరిశోధన స్థానం, మిగతా పంటలకు కంపసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం, పాలమూరు వైపు వాళ్లకు పాలెం పరిశోధన స్థానం ఉన్నాయి. అన్ని పరీక్షలూ అన్ని చోట్లా చేయరు కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి అడగండి. మామూలు భూసార పరీక్ష కాగితాన్ని మాత్రం రోగ నిర్ధారణ అనుకోవద్దు, అందులో పోషకాల లెక్కే ఉంటుంది, నులిపురుగుల లెక్క ఉండదు.